నాలుగో గేరు వదిన

ఆ ఇంట్లో కారు తాళంచెవి పగలంతా భార్య చేతిలో ఉంటుంది, పొద్దు గూకేసరికి భర్త చొక్కా జేబులోకి చేరుతుంది. అలా ఉండాలని ఎవరూ రాసి పెట్టలేదు. ఆవిడ బండి గుమ్మం ముందు ఆపి, చెప్పులు విడిచి లోపల అడుగు పెట్టేసరికి ఆయన కుర్చీలోంచి లేవకుండానే చెయ్యి చాపుతాడు. ఆవిడ ఆ చేతిలో తాళం పెడుతుంది. మర్నాడు పొద్దున ఆవిడ టీ గ్లాసు అందిస్తే ఆయన తాళం అందిస్తాడు. బండి తోలేది ఆవిడ, కడిగేది ఆవిడ, టైర్లకు గాలి కొట్టించేది ఆవిడ. అయినా రాత్రి మాత్రం తాళం ఆయన జేబులోనే పడుకోవాలి. ఆవిడకు ఇది ముల్లులా గుచ్చుకునేది గానీ, ఇంత చిన్నదానికి గొడవెందుకులే అని ఊరుకునేది.

ఊరుకోవడం ఆవిడ స్వభావం కాదని మాత్రం ముందే చెప్పాలి.

ఒకప్పుడు ఆవిడది కుట్టుపని. వీధి గదిలో గోడకు ఆనించిన మిషను, దాని మీద కత్తెర, మెడలో టేపు. ఆయనది కారు తోలే పని. కారు మామగారు కొత్తగా కొన్నది. ఆయన పోయాక కొడుకు చేతికి వచ్చింది. అప్పటికే దానికి వయసు మీద పడింది గానీ డీజిలు ఇంజను కదా, మొండిది. కొడుకు దాన్ని అపురూపంగా చూసుకునేవాడు, ఇంకొకరిని చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. ఒకసారి ఇంజను అడుగున బేరింగులు కూడా తనే, ఎవరి సాయమూ లేకుండా మార్చేశాడు. ఆ సంగతి టాక్సీ స్టాండులో ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. వినేవాళ్ళకు నోటికొచ్చేసింది కూడా.

తర్వాత ఆయన నడుము పట్టేసింది. మందులకు లొంగలేదు, పట్టీలకు లొంగలేదు. గంటల తరబడి స్టీరింగు ముందు కూర్చోవద్దని డాక్టరు కచ్చితంగా చెప్పేశాడు. కారు ఇంటి ముందు దుమ్ము కొట్టుకుపోతుంటే ఆవిడ చూడలేకపోయింది. తోలడం నేర్పమంది. ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. చివరికి ఆయన పక్క సీట్లో దిండు పెట్టుకుని కూర్చుని, వీధిలో వాళ్ళందరికీ వినిపించేలా అరుస్తూ నేర్పాడు. నేర్చుకున్నాక మొట్టమొదట ఆవిడ బండిలో కూర్చున్నది అత్తగారు. దిగి ఏమందో తెలుసా? "నా కొడుకు తోలితే దారి పొడుగునా దేవుడు గుర్తొస్తాడు. కోడలు తోలితే నిద్రొస్తోంది." ఇది కొడుకు ముందే అంది. ఆయన ముఖం మాడ్చుకున్నాడు.

అప్పటినుంచి ఆయన స్టాండులో కూర్చుని ఫోన్లు ఎత్తడం, ఆవిడ కిరాయిలు తోలడం. ఎక్కువగా ఆస్పత్రి కిరాయిలే. ఆస్పత్రి గుట్ట మీద ఉంది. స్టాండు గుట్ట కిందే. ఆ ఎత్తు ఎక్కేటప్పుడు మిగతా డ్రైవర్లు మొదట్లోనే రెండో గేరులో పడేసి ఇంజనును గావుకేకలు పెట్టిస్తారు. ఆవిడ మాత్రం కింద చదునులోనే వేగం అందుకుని, నాలుగో గేరులో చప్పుడు లేకుండా ఎక్కడం మొదలుపెట్టేది. వెనక సీట్లో కుట్లు ఆరనివాళ్ళు, నెలలు నిండినవాళ్ళు ఉంటారు మరి. కుదుపు లేకుండా తీసుకెళ్తుందని జనం ఫోను చేసి మరీ ఆవిడనే పంపమనేవాళ్ళు. స్టాండులో కుర్రకారు 'నాలుగో గేరు వదిన' అని పేరు పెట్టారు. సగం ముద్దు, సగం ఎగతాళి. ఎంతైనా స్టాండు స్టాండే.

ఆ ఏడాది వానలు తగ్గుతుండగా ఇంజను అడుగునుంచి ఒక చప్పుడు మొదలైంది. టకటకమనే చప్పుడు కాదు. పక్కింట్లో ఎవరో మెత్తటి పరుపు మీద పిడికిలితో గుద్దుతున్నట్టు, లోతుగా, బరువుగా. బండి బాగా వేడెక్కాక సిగ్నలు దగ్గర ఆపితే ఆయిలు లైటు ఎర్రగా ఒకసారి కన్నుగీటి ఆరిపోయేది.  ఆ సాయంత్రమే, తాళం చేతిలో పెడుతూ, సంగతి చెప్పింది.

ఆయన బయటికొచ్చి, బోనెట్టు ఎత్తించి, కాసేపు విన్నాడు. వినడం అయ్యాక నడుము మీద చెయ్యి వేసుకుని నిటారుగా నిలబడ్డాడు.

"అడుగు బేరింగులు పోయాయి. పోవా మరి? నాలుగో గేరులో గుట్ట ఎక్కిస్తే బేరింగులు అరగక పువ్వులు పూస్తాయా?"

"నేనా అరగదీశాను?"

"నువ్వు కాక మీ బాబా? ఎత్తు మీద పెద్ద గేరులో లాగిస్తే బరువంతా షాఫ్టు మీద పడుతుంది. షాఫ్టు బేరింగుల్ని నమిలేస్తుంది. ఎన్నిసార్లు చెప్పాలనుకున్నానో."

"అనుకోవడం ఎందుకు, చెప్పొచ్చుగా."

"చెప్తే వినేదానివైతే చెప్పేవాణ్ణే."

రెండు రోజులు గడిచాయో లేదో, ఆయన పాత ఇనుము కొనేవాణ్ణి పిలిచి బండి చూపించాడు. రాత్రి అన్నం దగ్గర, చాలా తేలిగ్గా, కూరలో ఉప్పు సరిపోయిందన్నంత తేలిగ్గా అన్నాడు. "ఇంజను పోయాక దాని మీద ఖర్చు దండగ. ఇచ్చేద్దాం. నువ్వు హాయిగా మిషను దుమ్ము దులిపి కుట్టుకో. నీడపట్టున పని."

ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. కుట్టుపనంటే ఆవిడకు ఏవగింపు లేదు. మంచి పనే, ఇల్లు గడిపిన పనే. కానీ మిషను ముందు కూర్చుంటే ఎదురుగా గోడ. స్టీరింగు ముందు కూర్చుంటే ఎదురుగా రోడ్డు. ఇన్నేళ్ళు ఆ గోడనే చూసి చూసి, దాని మీద పెచ్చులూడిన చోట్లన్నీ కంఠతా వచ్చేశాక, రోడ్డు దొరికింది. దాన్ని వదులుకోవడం ఆవిడ వల్ల కాదు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు గానీ, ఆ రాత్రి కంచం ముందు కూర్చుని తనలో తాను ఒట్టు పెట్టుకున్నంత పని చేసింది.

పైగా లోపల ఒక భయం. ఏమో, ఆయన చెప్పిందే నిజమైతే? నిజంగా తన చేతులతోనే బండిని చంపుకుందా?

"విప్పించి చూద్దాం," అంది. "నా తోలడం వల్లే పోయిందని తేలితే ఆ తాళం మీ జేబులోనే ఉంచేసుకోండి. మళ్ళీ అడగను. మిషనూ తీస్తాను, గోడా చూస్తాను."

"తేలేదేముంది, తేలిపోయింది."

"విప్పాక చెప్పండి."

అత్తగారు నీళ్ళ గ్లాసు కింద పెట్టింది. "నేను విన్నాను. మాట మార్చినవాళ్ళకి నా చేతి టీ ఉండదు," అంది. అత్తగారి టీ అంత గొప్పదేమీ కాదు, కానీ మాట మాటే.

*

బండిని గొలుసు కట్టి వెంట్రుక బాబాయి షెడ్డుకు లాక్కెళ్ళారు. ఈ బాబాయి ఎవరికి బాబాయో ఎవరికీ తెలియదు, అందరూ బాబాయనే అంటారు. ఏది కొలిచినా వెంట్రుకల్లో చెప్తాడు. 'అర వెంట్రుక లూజుంది', 'పావు వెంట్రుక బిగించు'. అందుకని ఆ పేరు. తల మీద మాత్రం ఒక్కటీ లేదు. రేకుల కప్పు, నూనె తాగి తాగి నల్లబడ్డ సిమెంటు నేల, గోడ నిండా పానాలు సైజువారీగా మేకులకు వేలాడుతూ ఉంటాయి. ఆ షెడ్డులో కారు కిందికి దిగే గుంట లేదు. బండిని జాకీతో లేపి, ఇనుప స్టాండ్ల మీద నిలబెట్టి, చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని కిందికి దూరాలి. దూరడానికి బాబాయికి బొజ్జ అడ్డం. ఆయన ఈ బొజ్జనే ఒక పద్ధతిగా మార్చుకున్నాడు. ఇంజను అడుగు పని వస్తే, బండి ఎవరు తోలుతారో వాళ్ళే కిందికి వెళ్ళాలి. తాను పక్కన స్టూలు మీద కూర్చుని చెప్తాడు. ఇష్టమైతే చేయించుకోండి, లేకపోతే వేరే షెడ్డుకు పొండి. "నువ్వు తోలే బండి కడుపులో ఏముందో నువ్వు చూడకపోతే ఎలా?" అంటాడు. ఎంతోమంది డ్రైవర్లు ఆ నేల మీద దొర్లి తిట్టుకుంటూ బయటికి వచ్చారు.

"ఎవరు తోలుతున్నారు?" అని అడిగాడు బాబాయి.

"నేనే," అంది ఆవిడ.

"అయితే దూరు తల్లీ."

భర్త గతుక్కుమన్నాడు. "బాబాయ్, ఆవిడకేం తెలుసు? నాకు నడుము బాగుంటే నేనే..."

"నడుము బాగాలేదు కదా అబ్బాయ్. నువ్వు నిలబడి చేసే పని ఉంది, చేద్దువుగాని. ముందు నుంచి పానా వేసి షాఫ్టు తిప్పడం నీ పని. నేను తిప్పమన్నప్పుడే తిప్పాలి, ఆపమన్నప్పుడు ఆపాలి. మధ్యలో కథలొద్దు."

అత్తగారు కూడా వచ్చింది. సాక్షి లేకుండా పందెం ఏమిటని ఆవిడ ఉద్దేశం. తలుపు పక్క కుర్చీ వేయించుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

బాబాయి పక్కనుంచే చెయ్యి దూర్చి ఇంజను పాత నూనె దించాడు. షాఫ్టు చేత్తో తేలిగ్గా తిరగడానికి పైన హీటరు ప్లగ్గులు విప్పి గాలికి దారి ఇచ్చాడు. ఆవిడ పాత చొక్కా, పైజామా వేసుకుని, జుట్టు గుడ్డతో బిగించి, పలక మీద పడుకుని కిందికి జారింది. ఇంజను అడుగున నూనె నిలిచే ఆయిలు చాంబరు మరలు ఒక్కొక్కటీ విప్పింది. చాంబరు కిందికి రాగానే మిగిలిన నూనె కాస్త ఆవిడ చెంప మీద కారింది. ఆవిడ భుజంతో తుడుచుకుంది.

పైకి చూస్తే, షాఫ్టు. మెలికలు తిరిగి, నల్లగా మెరుస్తూ, ఒక చివరినుంచి ఇంకో చివరికి. దాన్ని ఐదు చోట్ల ఇనుప క్యాపులు కింది నుంచి పట్టుకుని ఉన్నాయి. ఒక్కో క్యాపుకీ రెండేసి బోల్టులు. ఇన్నాళ్ళూ తన కాలి కింద తిరిగింది ఇదా అని ఆవిడకు ఒళ్ళు జలదరించింది.

"విను తల్లీ," అన్నాడు బాబాయి స్టూలు మీంచి. "ఒక్కో క్యాపు లోపల ఒక సగం, దాని పైన ఇంజనులో ఒక సగం, రెండు షెల్లులుంటాయి. విరిగిన చేతి గాజు ముక్కల్లా వంపుగా ఉంటాయి. షాఫ్టు గట్టిది, షెల్లు మెత్తది. అరగాల్సి వస్తే మెత్తది అరగాలి, అందుకే పెట్టారు. ఒక్కసారి ఒక్క క్యాపే విప్పాలి. దాని పని పూర్తయ్యాకే పక్కది. విప్పగానే కింది షెల్లు నాకివ్వు. పెద్ద గేరులో లాగించి పాడుచేస్తే కింది షెల్లులు ఐదూ ఒకేలా తినేసి ఉంటాయి. బరువు అన్నిటి మీదా పడుతుంది కాబట్టి. అది చూస్తే తోలినవాళ్ళ జాతకం చెప్పేస్తాను."

 ఆయన పానా పట్టుకుని ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

మొదటి క్యాపు వదులైంది. షెల్లు జారి అరచేతిలో పడింది. ఆవిడ దాన్ని గుడ్డతో తుడిచి, చూడకుండానే చెయ్యి బయటికి చాపింది. చూసే ధైర్యం లేకపోయింది.

బాబాయి వెలుతురులో తిప్పి చూశాడు. బూడిదరంగు, నున్నగా, మచ్చ లేకుండా ఉంది. "వయసుకి తగ్గట్టు అరిగింది. అంతే," అన్నాడు.

అంతే అన్న ఆ ఒక్క మాటకు ఆవిడ ఇంజను కింద పడుకునే నవ్వింది.

"ఇంకా నాలుగున్నాయి," అన్నాడు భర్త.

పై సగం తీయడం అసలు కిటుకు. దాని మీద షాఫ్టు కూర్చుని ఉంది, వేలు దూరదు. బాబాయి ఒక చిన్న పిన్ను వంచి ఇచ్చాడు. షాఫ్టులో నూనె వచ్చే రంధ్రం ఒకటి ఉంటుంది, పిన్ను అందులో పెట్టమన్నాడు. "అబ్బాయ్, నెమ్మదిగా తిప్పు." షాఫ్టు తిరుగుతుంటే పిన్ను తల పై షెల్లు అంచును తోసుకుంటూ వచ్చింది. షెల్లు ఇవతలి నుంచి మెల్లగా బయటపడింది. కొత్తది అదే దారిలో వెనక్కి జారి కూర్చుంది.

"ఇంతేనా?" అంది ఆవిడ. "పైజామాలో పిన్నీసు పెట్టి బొందు ఎక్కించినట్టే ఉంది."

బాబాయి స్టూలు మీద పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇంతమంది డ్రైవర్లని కిందికి తోశాను, ఈ మాట ఒక్కడికీ తట్టలేదు."

కొత్త షెల్లు మీద మైనంలాంటి సన్నటి పోగు ఒకటి పరిచి, క్యాపు బిగించి, మళ్ళీ విప్పి, పోగు ఎంత వెడల్పున నలిగిందో కాగితపు కొలతతో చూడాలి. వదులెంతో దాంతో తెలుస్తుంది. పోగుల పని ఆవిడకు కొత్తా? వణుకు లేకుండా పరిచింది. "సరిగ్గా వెంట్రుకవాసి," అన్నాడు బాబాయి తృప్తిగా. పోగు గీరేసి, నూనె రాసి, క్యాపు చివరిసారిగా బిగించింది.

రెండో క్యాపు. ఆ షెల్లూ బూడిదరంగే. ఈసారి ఆవిడ తనే ముందు చూసింది, తర్వాతే బయటికి ఇచ్చింది.  అత్తగారు, "ఇంకా మూడున్నాయా నాన్నా?" అని కొడుకును అడిగింది. అంతటి అమాయకత్వం ఆ పెద్దావిడకు ఎప్పుడూ లేదు.

ఇక మూడోది, మధ్యది. దాని మీద మడ్డి దట్టంగా పేరుకుపోయి ఉంది. ఆవిడ గుడ్డతో రుద్ది తుడిచింది. క్యాపు మీద పోత పోసిన బాణం గుర్తు బయటపడింది. మొదటిదాని మీదా, రెండోదాని మీదా కూడా బాణాలున్నాయి, అవి రెండూ బండి ముందు వైపు చూస్తున్నాయి. ఇది వెనక్కి చూస్తోంది.

ఆవిడ ఇంకోసారి తుడిచింది. దర్జీ కన్ను అది. ఎడమ చెయ్యి కుడివైపు కుట్టిన చొక్కాను అల్లంత దూరం నుంచి పట్టేస్తుంది.

"బాబాయ్, బాణాలన్నీ ముందుకే ఉండాలా?"

"అన్నీ ముందుకే. క్యాపు ఎలా తీస్తే అలాగే పెట్టాలి. తిరగేస్తే కుదరదు."

"ఇదొకటి వెనక్కి ఉంది."

 భర్త పానా వదిలేసి అటుగా వచ్చాడు. "సరిగ్గా చూడు. నీకు కిందనుంచి తలకిందులుగా కనిపిస్తుంది."

"మీరే వచ్చి చూడండి."

వంగడానికి నడుము ఒప్పుకోదు. బాబాయి గోడకు వేలాడుతున్న పాత సైడు అద్దం ఒకటి తీసి కిందికి తోశాడు. ఆవిడ దాన్ని క్యాపు కింద వాలుగా పట్టుకుంది. ఆయన చిన్న పీట మీద కూర్చుని, మెడ సాగదీసి, టార్చి వేసి చూశాడు. అద్దంలో బాణం. వెనక్కి.

"అద్దం కదా," అన్నాడు. "అద్దంలో అన్నీ తిరగబడి కనిపిస్తాయి."

ఈ మాట అన్నప్పుడు ఆయన గొంతు ఎంత ధీమాగా ఉందంటే, ఒక్క క్షణం ఆవిడ కూడా నమ్మేసింది.

బాబాయి తొందరపడలేదు. "నిజమే అబ్బాయ్. అద్దం మాయదారిది. తల్లీ, అదే అద్దం కొంచెం జరిపి పక్కవి కూడా చూపించు. అద్దంలో తిరగబడితే అవీ తిరగబడాలి కదా."

ఆవిడ ఆఖరు రెండు క్యాపులూ తుడిచి, అద్దం నెమ్మదిగా జరిపింది. ఒకటి ముందుకి. రెండు ముందుకి. మూడు వెనక్కి. నాలుగు ముందుకి. ఐదు ముందుకి.

ఆయన టార్చి ఆర్పేశాడు. ఆ ఇంజనును మామగారు కొన్నప్పటినుంచి అడుగు విప్పింది ఒక్కసారి. విప్పింది ఒక్కడు. ఎవరి సాయమూ లేకుండా. ఈ సంగతి స్టాండు స్టాండంతటికీ తెలుసు, ఆయనే చెప్పాడు కాబట్టి.

"విప్పనా?" అని అడిగింది ఆవిడ కింది నుంచి.

"విప్పు," అన్నాడు బాబాయి.

మధ్య షెల్లు చేతిలోకి వచ్చింది. బూడిదరంగు ఒక పక్కనే మిగిలింది. రెండో పక్క అంచు పొడుగునా అరిగి అరిగి లోపలి రాగి ఎర్రగా బయటపడింది. క్యాపు తిరగబడి ఒక వెంట్రుకంత పక్కకు కూర్చోవడం వల్ల, షాఫ్టు ఇన్నేళ్ళూ ఆ అంచునే రుద్దుకుంటూ తిరిగింది. గుద్దుతున్న చప్పుడు ఇక్కడిదే. ఆయిలు లైటు కన్నుగీటింది దీనివల్లే.

గెలిచానని ఆవిడ ఎగిరి గంతెయ్యాలి నిజానికి. కానీ చూపు వెంటనే షాఫ్టు వైపు పోయింది. షెల్లు ఇలా ఉంటే దీని మీద తిరిగిన షాఫ్టు ఎలా ఉంటుంది? షాఫ్టుకు గీత పడితే ఇంజను మొత్తం దించి, షాఫ్టు తీసి, అరగదీయించాలి. అంత పని ఈ ముసలి బండికి ఎవరూ చేయించరు. అప్పుడు తప్పు ఎవరిదైతేనేం, బండి పాత ఇనుములోకే.

బాబాయికీ అదే తట్టింది. "తల్లీ, షాఫ్టు శుభ్రంగా తుడువు. గోరు పెట్టి అడ్డంగా లాగు. గోరు ఎక్కడైనా తట్టుకుంటే చెప్పు."

ఆవిడ తుడిచింది. చూపుడువేలి గోరు ఇనుము మీద ఆనించి, ఈ చివరినుంచి ఆ చివరికి లాగింది. పట్టు గుడ్డ మీద లాగినట్టు జారిపోయింది. ఇంకోచోట లాగింది. జారిపోయింది. షాఫ్టు తిప్పించి మళ్ళీ లాగింది. ఎక్కడా తట్టుకోలేదు.

"లేదు బాబాయ్! ఎక్కడా లేదు! నున్నగా ఉంది!"

"గట్టిదే," అన్నాడు బాబాయి. "అరగాల్సిందే అరిగింది. బతికిపోయావ్."

ఆవిడకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏడుపు వల్లో, కళ్ళల్లో పడ్డ నూనె వల్లో అని ఎవరైనా అడిగితే నూనె వల్లే అని చెప్పేది.

కొత్త షెల్లులు వేసి, మధ్య క్యాపును బాణం ముందుకు తిప్పి పెట్టింది. పెట్టీపెట్టగానే అది టక్కున తన చోట్లో కూర్చుంది, ఇన్నేళ్ళూ దీనికోసమే చూస్తున్నట్టు. బోల్టులు కొంచెం ఇటు, కొంచెం అటు మార్చి మార్చి బిగించింది.

"ఇప్పుడు తిప్పు అబ్బాయ్," అన్నాడు బాబాయి.

భర్త పానా పట్టుకున్నాడు. అలవాటు కొద్దీ భుజం బలమంతా పెట్టి లాగబోయాడు. షాఫ్టు ఎంత తేలిగ్గా తిరిగిందంటే, ఆయన ముందుకు తూలి బోనెట్టు పట్టుకున్నాడు.  మళ్ళీ తిప్పాడు, ఈసారి రెండు వేళ్ళతో.

"అప్పుడు నేను బిగించినప్పుడు తిరగలేదు బాబాయ్," అన్నాడు మెల్లగా. "పానాకి పెద్ద గొట్టం తగిలించి తిప్పాల్సొచ్చింది. కొత్తవి కదా, బిగుతుగా ఉన్నాయి, అవే సర్దుకుంటాయి అనుకున్నా."

  ఇంజను కింద ఆవిడకు ఇన్నాళ్ళు పడ్డ మాటలన్నీ నాలుక చివరికి వచ్చాయి. వాటిని అక్కడే ఆపి, నాలుగో క్యాపు బోల్టుకు పానా తగిలించింది. అది చిన్న గొప్పతనం కాదు.

నాలుగోదీ, ఐదోదీ మొదటి రెంటిలాగే బూడిదరంగు. బాబాయి పాత షెల్లులన్నీ బల్ల మీద వరసగా పేర్చాడు. "జాతకం చెప్తానన్నాను కదా. ఆ మధ్యది వదిలెయ్. మిగతా నాలుగూ చూడు. ఇంత వయసు బండికి ఇంత సమంగా అరిగాయంటే తోలిన చెయ్యి మంచిది. ఏ గేరులో ఎక్కించావని కాదు, ఇంజను మూలిగేదాకా ఉంచావా లేదా అన్నది లెక్క. ఈ చెయ్యి మూలగనివ్వలేదు."

"నేను ఎప్పుడో చెప్పాను," అంది అత్తగారు. "నిద్రొస్తుందని."

*

చాంబరు మూశారు, కొత్త నూనె పోశారు, బండి నేల మీదికి దిగింది. ఆవిడ ముఖాన నూనె చారలతోనే సీట్లో కూర్చుంది. తాళం తిప్పింది. ఇంజను ఒకసారి గునిసి, అందుకుంది. ఆయిలు లైటు ఎర్రగా వెలిగి, టక్కున ఆరింది. అందరూ బోనెట్టు చుట్టూ చేరి విన్నారు. పరుపు మీద గుద్దు లేదు. బాగా వేడెక్కేదాకా ఆగారు. లైటు మళ్ళీ కన్నుగీటలేదు. ఆవిడ స్టీరింగు మీద రెండు చేతులతోనూ ఒక్కటి చరిచి, "వచ్చింది! నా బండి నాకు వచ్చింది!" అని అరిచింది. బాబాయి తన బొజ్జ మీద దరువు వేశాడు.

భర్త పక్క సీట్లో దిండు పెట్టుకుని కూర్చున్నాడు. అత్తగారు వెనక. ఎవరూ అనకుండానే బండి గుట్ట వైపు తిరిగింది. నేర్పిన రోజుల తర్వాత ఆవిడ పక్కన కూర్చుని ఆయన గుట్ట ఎక్కడం ఇదే మొదలు. ఇన్నేళ్ళూ కింద స్టాండులో కూర్చుని చూశాడు, బండి నాలుగో గేరులో మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా. మలుపు అవతల ఏం జరుగుతుందో ఎప్పుడూ చూడలేదు.

మలుపు దాటింది. ఎత్తు పెరిగింది. ఇంజను గొంతు మారబోయే ముందు, ఇంకా మారకముందే, ఆవిడ చెయ్యి గేరు రాడ్డు మీదికి వెళ్ళింది. మూడో గేరు పడ్డట్టు చెవికి తెలిసింది గానీ ఒంటికి తెలియలేదు. ఆయన ఆ చేతి వైపే చూస్తూ కూర్చున్నాడు. వెనక సీట్లో అత్తగారు గురక పెట్టింది.

దిగి వచ్చేటప్పుడు, "స్టాండు దగ్గర ఆపు," అన్నాడు.

ఆపింది. డ్రైవర్లు మూగారు. "ఏం వదినా, నాలుగో గేరు ఏమంటోంది? ఇనుములోకి వెయ్యలేదా?" అని ఒకడు నవ్వాడు.

ఆయన నడుము పట్టుకుని దిగాడు. తలుపు మీద చెయ్యి వేసి, తన బేరింగుల కథ చెప్పేటప్పటి గొంతుతోనే, అంతే గట్టిగా చెప్పాడు. "బండిని పాడు చేసింది మీ వదిన కాదు. నేను. మధ్య క్యాపు తిరగేసి బిగించాను. బాణం గుర్తు చూసుకోలేదు. ఇన్నేళ్ళూ మీకు గొప్పగా చెప్పుకున్న పని అదీ. దాన్ని ఇవాళ మీ వదిన ఇంజను కింద పడుకుని, తన చేత్తో సరిచేసింది. ఇక నుంచి ఎవరైనా ఆ కథ చెప్పమంటే ఇదే చెప్తాను."

 ఒకడు చప్పట్లు కొట్టాడు, మిగతావాళ్ళు అందుకున్నారు. 'నాలుగో గేరు వదిన' అని అరిచారు. ఆ అరుపులో ఎగతాళి పాలు వెతికినా దొరకలేదు. ఆవిడ నూనె ముఖంతో తల ఎత్తుకుని కూర్చుంది. దించాల్సిన అవసరం ఏముంది?

సాయంత్రం ఇంటికి వచ్చారు. ఆయన కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ ఒళ్ళు తోముకుని వచ్చి, అలవాటు కొద్దీ, తాళం ఆయన ముందు పెట్టింది. ఆయన చెయ్యి చాపలేదు.

"నా దగ్గరెందుకు?" అన్నాడు. "బండి తోలేవాళ్ళ దగ్గరుండాలి గానీ. మా నాన్న అయినా నీకే ఇచ్చేవాడు."

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. ఆయన పేపరు పట్టుకున్నాడు గానీ చదవడం లేదని తెలుస్తూనే ఉంది. వంటింట్లోంచి అత్తగారు, "ఒరేయ్, నీకు టీ ఉంది," అని కేకేసింది.

ఆవిడ తాళం తీసుకుని వీధి గదిలోకి వెళ్ళింది. మిషను మీద గుడ్డ తీసి, దుమ్ము దులిపి, సూదిలో దారం ఎక్కించింది. చాలా కాలం తర్వాత ఆ చప్పుడు వినిపించేసరికి ఆయన పేపరు దించి తలుపు వైపు చూశాడు. ఆవిడ రేపు బండి తోలేటప్పుడు వేసుకోబోయే కోటు లోపలివైపు, గుండె దగ్గర, తాళంచెవి పట్టేంత జేబు కుడుతోంది.